ఫిజిక్స్ ఒకటే, బ్యాచ్‌లు మూడు: ఆప్షన్ ఫారం నింపేముందు



వచ్చే విద్యా సంవత్సరం 8, 9, 10 తరగతుల్లోకి వెళ్తున్న పిల్లల ఇళ్లకు ఈ నెల ఆప్షన్ ఫారాలు వస్తున్నాయి. ఫిజిక్స్ ఎదురుగా మూడు గడులు ఉంటాయి: రెగ్యులర్, ఫౌండేషన్, ఒలింపియాడ్. ఒక గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి పంపాలి. రెండు నిమిషాల పనే. కానీ ఆ టిక్కును బట్టి మీ పిల్లల సాయంత్రాలు, ఆదివారాలు మారిపోతాయి. ఒక్కోసారి వాళ్లు తమ గురించి తాము అనుకునే మాట కూడా మారిపోతుంది. అందుకే ఈసారి ఈ పేజీల్లో ఆ మూడు గడుల వెనక ఏముందో కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. బోర్డు సిలబస్ మూడు బ్యాచ్‌లకూ ఒకటే. పదో తరగతి పరీక్షలో వచ్చే ప్రశ్నపత్రం కూడా ఒకటే. కాంతి, విద్యుత్తు, విద్యుదయస్కాంతం లాంటి పాఠాలు రెగ్యులర్‌లో ఉన్న పాపకూ, ఒలింపియాడ్‌లో ఉన్న బాబుకూ అవే. "రెగ్యులర్‌లో పోర్షన్ తక్కువ చెప్తారంట కదా సార్" అని మీటింగుల్లో తరచుగా అడుగుతుంటారు. అది నిజం కాదు. పాఠాల్లో తేడా లేదు. ఒక్కో పాఠంలో ఎంత లోతుకు దిగుతాం, దానికి ఎంత లెక్క వాడతాం, పిల్లలు తమంతట తాము ఎంతసేపు ఆలోచించాల్సి వస్తుంది అన్నదాంట్లోనే తేడా.

ఒకే బండి, ఒకే బ్రేకు

ఈ తేడా మాటల్లో చెబితే అర్థం కాదు కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. పిల్లల్ని బడిలో దించేందుకు మీలో చాలామంది వచ్చేది స్కూటర్ మీదే కాబట్టి ఆ లెక్కే చూద్దాం.

రెగ్యులర్ బ్యాచ్‌లో ప్రశ్న ఇలా ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న స్కూటర్‌కు బ్రేకు వేస్తే 10 మీటర్ల దూరంలో ఆగింది. త్వరణం ఎంత? ఇందులో పిల్లలు చేయాల్సిన పనులు రెండు. గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లని మార్చుకోవాలి. తర్వాత తుది వేగం వర్గానికి, తొలి వేగం వర్గానికి, దూరానికి సంబంధం చెప్పే సూత్రంలో విలువలు పెట్టాలి. జవాబు మైనస్ 5. అంటే ప్రతి సెకనుకూ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గుతోందని అర్థం. ఆ మైనస్ గుర్తు ఎందుకొచ్చిందో పాప తన మాటల్లో చెప్పగలిగితే ఈ స్థాయి బాగా వచ్చినట్టే. ఇది చిన్న పనేమీ కాదు. యూనిట్లు మార్చకుండా 36నే నేరుగా సూత్రంలో పెట్టేసేవాళ్లు అన్ని బ్యాచ్‌లలోనూ కనిపిస్తారు.

ఫౌండేషన్‌లో అదే స్కూటర్. ఈసారి వేగం గంటకు 72 కిలోమీటర్లు. బ్రేకు అదే, రోడ్డు అదే. ఎంత దూరంలో ఆగుతుంది? వేగం రెట్టింపు అయింది కాబట్టి దూరం కూడా రెట్టింపు, 20 మీటర్లు అని తొందరపడి రాసేవాళ్లే ఎక్కువ. కానీ దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగు రెట్లవుతుంది, 40 మీటర్లు. ఆ తర్వాత ఇంకో మెలిక పెడతాం. ఎదురుగా కుక్క అడ్డం రావడం చూసి చెయ్యి బ్రేకు మీద పడటానికి అర సెకను పట్టిందనుకోండి. ఆ అర సెకనూ బండి పూర్తి వేగంతోనే వెళ్తుంది. అప్పుడు 36 మీద వెళ్తున్న బండి మొత్తం 15 మీటర్లలో ఆగితే, 72 మీద వెళ్తున్నది 50 మీటర్లు తీసుకుంటుంది. ఇక్కడ సూత్రం గుర్తుంటే చాలదు, ఆ ప్రయాణాన్ని రెండు ముక్కలుగా విడగొట్టాలని పిల్లలకు తోచాలి. ఫౌండేషన్ బ్యాచ్‌లో మేం నేర్పేదంతా ఒక విధంగా ఈ తోచడమే.

ఇంకొంచెం ముందుకెళ్తే ప్రశ్నలో త్వరణం ఇవ్వరు, దూరం ఇవ్వరు. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.5 అని మాత్రమే ఇస్తారు. బండి బరువు ఎంతో కూడా చెప్పరు. "బరువు ఇవ్వలేదు, ప్రశ్న తప్పు సార్" అని లేచి నిలబడే పిల్లలుంటారు. బరువు ఎక్కువైతే ఆపాల్సిన బండి బరువెక్కుతుంది, ఆపే ఘర్షణా అంతే పెరుగుతుంది, కాబట్టి లెక్కలో బరువు రెండు వైపులా కొట్టేసుకుపోతుంది. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే మళ్లీ అదే 5 వస్తుంది. మరి అదే బండి వాలు రోడ్డు మీద కిందికి దిగుతోంటే? ప్రతి 10 మీటర్లకు 1 మీటరు దిగే వాలైతే, ఆ వాలు బండిని ముందుకు లాగుతుంది కాబట్టి వేగం తగ్గే రేటు 5 నుంచి సుమారు 4కి పడిపోతుంది. గంటకు 36 మీద వెళ్తున్న బండి 10 మీటర్లకు బదులు పన్నెండున్నర మీటర్లలో ఆగుతుంది. ఘాట్ రోడ్డు మీద లారీలు కిందికి దిగేటప్పుడు చిన్న గేరులోనే ఎందుకు వెళ్తాయో ఆలోచించడానికి మొదటి మెట్టు ఇదే.

ఒలింపియాడ్ స్థాయిలో ప్రశ్న రూపమే మారిపోతుంది. "ఒక చెక్కపలక, నీ పుస్తకం, ఒక స్కేలు ఉన్నాయి. పుస్తకం అట్టకూ పలకకూ మధ్య ఘర్షణ గుణకం ఎంతో కనుక్కో. నీ జవాబు ఎంతవరకు నమ్మొచ్చో కూడా చెప్పు." ఇందులో సంఖ్య ఒక్కటీ లేదు. పలకను ఒకవైపు మెల్లగా ఎత్తుతూ పోతే ఒకచోట పుస్తకం జారడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో పలక ఎత్తును దాని నేల పొడవుతో భాగిస్తే వచ్చేదే జవాబు. ఎందుకలా వస్తుందో నిరూపించాలి. పదిసార్లు చేసి, పది జవాబులూ ఒకేలా ఎందుకు రాలేదో కూడా రాయాలి. కొందరు పిల్లలకు ఇది పండగలా ఉంటుంది. ఇంకొందరు అరగంట కూర్చుని "ఆన్సర్ ఎంత సార్?" అని అడుగుతారు. రెండో రకం పిల్లలు తెలివిలేనివాళ్లేమీ కాదు, వాళ్లకు ఆ రకం పని మీద ఇష్టం లేదంతే. (ఈ ప్రయోగం ఇంట్లో నిశ్చింతగా చేయించొచ్చు. పైన చెప్పిన బ్రేకు లెక్కను మాత్రం వీధిలో సైకిల్ మీద పరీక్షించనివ్వొద్దు.)

అసలు అడ్డం ఎక్కడ పడుతుంది

ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరి మధ్యలో ఇబ్బందిపడే పిల్లల్ని చూస్తే, చాలాసార్లు వాళ్లకు అడ్డుపడేది ఫిజిక్స్ కాదు, మ్యాథ్స్.

పై వాలు రోడ్డు లెక్కనే చూడండి. దాన్ని సరిగ్గా రాయాలంటే సైన్, కాస్ తెలియాలి. ట్రిగొనోమెట్రీ పాఠం వచ్చేది పదో తరగతిలో. కానీ ఫౌండేషన్‌లో వెక్టర్లు, వాలు తలాలు తొమ్మిదిలోనే మొదలవుతాయి. అలాంటప్పుడు పిల్లలు ఏం చేస్తారు? సైన్ 30 అంటే సగం అని ఎక్కాల్లా బట్టీపడతారు. పరీక్షలో 30 వస్తే గట్టెక్కుతారు, 37 వస్తే ఆగిపోతారు. ఇదే సమస్య ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఇంకా పెద్ద రూపంలో ఎదురవుతుంది. ఫిజిక్స్‌లో చలనం పాఠాలు మొదటి నెలల్లోనే వస్తాయి, వాటికి డిఫరెన్షియేషన్ కావాలి. మ్యాథ్స్‌లో డిఫరెన్షియేషన్ వచ్చేసరికి సంవత్సరం చివరికి వచ్చేస్తాం. అందుకే ఇంటర్ మొదట్లో ఫిజిక్స్ లెక్చరర్లే కొన్ని రోజులు బేసిక్ మ్యాథ్స్ చెప్పి, ఆ తర్వాత పాఠంలోకి వెళ్తారు.

కాబట్టి ఫిజిక్స్ ఎదురుగా ఫౌండేషన్ గడిలో టిక్కు పెట్టేముందు మీ పిల్లల మ్యాథ్స్ నోట్సు ఒకసారి తిరగేయండి. భిన్నాలు, నిష్పత్తులు, ఒక సమీకరణంలో కావాల్సిన అక్షరాన్ని ఒకవైపుకు తెచ్చుకోవడం, ఈ మూడూ తడుముకోకుండా చేయగలిగితే మిగతాది బడిలో మేం చూసుకుంటాం. అవి రాకపోతే ఒక ఏడాది మ్యాథ్స్ మీద పెట్టి, ఫిజిక్స్‌లో రెగ్యులర్‌లో ఉండటమే మేలు. ఈ ఏడాది ఫారంలో మ్యాథ్స్‌కూ, ఫిజిక్స్‌కూ విడివిడిగా గడులు పెట్టింది ఇందుకే. మ్యాథ్స్ ఫౌండేషన్, ఫిజిక్స్ రెగ్యులర్ అని కలిపి పెట్టుకోవచ్చు. మ్యాథ్స్ రెగ్యులర్‌లో ఉంచి ఫిజిక్స్ మాత్రం ఫౌండేషన్ కావాలంటే, ముందు ఒకసారి వచ్చి ఫిజిక్స్ సార్‌తో గానీ మేడమ్‌తో గానీ మాట్లాడండి.

ఏ పరీక్షకు ఎంత ఫిజిక్స్

"ఎనిమిదిలోనే ఫౌండేషన్ వేయకపోతే ఐఐటీ దారి మూసుకుపోయినట్టేనా?" అనే భయం చాలా ఇళ్లలో ఉంది. కాదని స్పష్టంగా చెబుతున్నాం. జేఈఈ సిలబస్ అంతా 11, 12 తరగతులది, అంటే మన ఇంటర్ రెండేళ్లది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏ బ్యాచ్‌లో చదివారని ఎవరూ అడగరు. ఫౌండేషన్ ఇచ్చేది ముందుగా కాస్త అలవాటు. ఆ అలవాటు విలువైనదే, కానీ అది అర్హత కాదు.

ఏ పరీక్షలో ఫిజిక్స్ వాటా ఎంతో తెలిస్తే లెక్క వేసుకోవడం సులువు. రెండు తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నల్లో ఫిజిక్స్‌వి 40. తప్పు రాస్తే మార్కులు తగ్గవు. ప్రశ్నలు ఎక్కువగా సూత్రాన్ని నేరుగా వాడేవే, కానీ మూడు గంటల్లో 160 అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం చిల్లరే. అక్కడ కావాల్సింది లోతు కంటే వేగం. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నల్లో 25 ఫిజిక్స్‌వి, 300 మార్కుల్లో 100. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. స్కూటర్ లెక్కల్లో రెండో, మూడో రకం ప్రశ్నలు ఇక్కడ కనిపిస్తాయి. మెయిన్‌లో ముందు వరుసలో నిలిచిన సుమారు రెండున్నర లక్షల మందికే అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం. అది ఒకే రోజు మూడేసి గంటల రెండు పేపర్లు. ఒక ప్రశ్నలో మూడు పాఠాలు కలిసి రావడం అక్కడ మామూలే.

బైపీసీ అనుకుంటున్న ఇళ్లవాళ్లు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. "మా పాప డాక్టర్ అవుతుంది, ఫిజిక్స్ ఎందుకులెండి" అని ఆ గడిని పట్టించుకోకుండా వదిలేస్తుంటారు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్స్‌వి, 720 మార్కుల్లో 180. బయాలజీ బాగా చదివే పిల్లలందరూ బయాలజీలో దగ్గరదగ్గరగా మార్కులు తెచ్చుకుంటారు. వాళ్ల మధ్య దూరం పెరిగేది చాలాసార్లు ఫిజిక్స్ దగ్గరే. పైగా ఇంటర్ బైపీసీలో మ్యాథ్స్ ఉండదు కాబట్టి పదో తరగతి వరకు నేర్చుకున్న లెక్కలతోనే నెట్టుకు రావాలి. అలాంటి పిల్లలకు ఒలింపియాడ్ అక్కర్లేదు గానీ, ఫౌండేషన్ బాగా పనికొస్తుంది.

మరోవైపు, రెగ్యులర్ చదివితే దారులేమీ మూసుకుపోవు. బాసర, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి ఫలితాల ఆధారంగానే ఇస్తారు. పాలిసెట్‌లో వచ్చే ఫిజిక్స్ కూడా పదో తరగతి స్థాయిదే. కామర్స్, లా, డిజైన్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు బోర్డు స్థాయి ఫిజిక్స్ శుభ్రంగా వస్తే చాలు. వాళ్ల ఆదివారాలను వాలు తలాలకు ధారపోయాల్సిన పనిలేదు.

ఒలింపియాడ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేస్తున్నారు. బజారులో ఒలింపియాడ్ పేరుతో చాలా పరీక్షలు నడుస్తున్నాయి. మన దేశం తరఫున అంతర్జాతీయ పోటీలకు పిల్లల్ని ఎంపిక చేసే దారి మాత్రం ఒకటే. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ నిర్వహించే జాతీయ స్థాయి తొలి పరీక్షతో అది మొదలై, ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్‌లో జరిగే శిక్షణ శిబిరం దాకా వెళ్తుంది. పదో తరగతి లోపు వాళ్లకు జూనియర్ సైన్స్ పరీక్ష ఉంది. అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిసి ఉంటాయి. అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్ 2015లో ముంబయిలోనే జరిగింది. ఆ పోటీలో థియరీకి 30 మార్కులైతే ప్రయోగానికి 20, ఒక్కోదానికి ఐదు గంటల సమయం. మన ఒలింపియాడ్ బ్యాచ్‌లో ల్యాబ్ గంటలు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. పతకాలు కోరుకునేవాళ్లకే ఈ బ్యాచ్ అని అనుకోకండి. కానీ ర్యాంకు కోసమే అయితే ఇది సరైన దారి కాదు. పిల్లలకు ఆసక్తి ఉంటేనే పంపండి.

మీ పెద్దబ్బాయి రోజుల్లో విన్న ఎన్‌టీఎస్‌ఈ, కేవీపీవై పరీక్షల కోసం ఎవరైనా ప్రత్యేక బ్యాచ్ అంటే ఒకటికి రెండుసార్లు అడగండి. ఎన్‌టీఎస్‌ఈ 2021 నుంచి ఆగిపోయింది. కేవీపీవైని 2022లో ఇన్‌స్పైర్ పథకంలో కలిపేశారు.

బయట ఎలా ఉంది

అమెరికాలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి "మా వాడు ఏపీ ఫిజిక్స్ తీసుకున్నాడు" అంటే ఇక్కడ కొందరు ఆంధ్రప్రదేశ్ సిలబస్ అనుకుంటారు. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అక్కడి కాలేజ్ బోర్డు నడిపే కోర్సులు. అక్కడి చాలా హైస్కూళ్లలో మామూలు ఫిజిక్స్, ఆనర్స్ ఫిజిక్స్, ఏపీ ఫిజిక్స్ అని మెట్లుంటాయి. ఏపీలో మళ్లీ ఫిజిక్స్ 1, 2 ఆల్జీబ్రాతో నడుస్తాయి, ఫిజిక్స్ సి కాల్క్యులస్‌తో నడుస్తుంది. అంటే అక్కడ పై కోర్సులను విడదీసే గీత పిల్లల తెలివిని బట్టి కాదు, వాళ్లకు అప్పటికి ఏ మ్యాథ్స్ వచ్చో దాన్ని బట్టి గీశారు. ఐబీ బోర్డులో కూడా ఫిజిక్స్‌కు రెండు స్థాయిలున్నాయి. స్టాండర్డ్ లెవెల్‌కు 150 బోధన గంటలు, హయ్యర్ లెవెల్‌కు 240. మన దేశంలో చూస్తే సీబీఎస్ఈ పదో తరగతి మ్యాథ్స్‌లో 2020 నుంచి బేసిక్, స్టాండర్డ్ అని రెండు రకాల ప్రశ్నపత్రాలు ఇస్తోంది. పాఠాలు రెండింటికీ అవే.

వీటిలో మాకు నచ్చింది ఒకటుంది. అక్కడ ఒకే అమ్మాయి ఫిజిక్స్‌లో పై మెట్టు మీద, చరిత్రలో మామూలు మెట్టు మీద ఉండొచ్చు. మన దగ్గర బ్యాచ్ అంటే మొత్తం పిల్లాడికే ముద్ర వేసేయడం అలవాటైపోయింది.

బ్యాచ్ పేరు పిల్లల పేరు కాకూడదు

ఇది మాట వరసకు రాయడం లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల ఆధారంగా పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలనీ, అందరి ముందు చిన్నబుచ్చకూడదనీ, వాళ్ల శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదనీ అందులో ఉంది. మన ఊళ్లలో జరిగిన ఘటన నుంచి వచ్చిన తీర్పు ఇది. మనలాంటి స్కూళ్లు అందరికంటే ముందు చదవాల్సినది కూడా.

దాన్ని దృష్టిలో పెట్టుకుని మేం చేస్తున్నది ఇదీ. ఫిజిక్స్ బోర్డు పీరియడ్లలో మూడు బ్యాచ్‌ల పిల్లలూ ఒకే సెక్షన్‌లో కలిసి కూర్చుంటారు. బ్యాచ్‌లు వేరయ్యేది అదనపు గంటల్లో మాత్రమే. టెస్టు మార్కులను బట్టి పిల్లల్ని ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు నెట్టడం ఉండదు. నోటీసు బోర్డు మీద బ్యాచ్‌ల వారీ ర్యాంకులు పెట్టడం ఉండదు. మార్కులు మీకు, మీ పిల్లలకు మాత్రమే తెలుస్తాయి. మా వైపు నుంచి ఇంత చేసినా, ఇంట్లో భోజనాల దగ్గర "పక్కింటి వాడు ఒలింపియాడ్, నువ్వేమో రెగ్యులర్" అనే మాట ఒక్కటి పడితే చాలు, అంతా వృథా. మీటింగుకు వచ్చినప్పుడు పిల్లల ముందే "మా వాడికి తెలివుంది సార్, బద్ధకం అంతే" అనడం కూడా అలాంటిదే. వాడు ఆ మాట గుర్తుపెట్టుకుంటాడు. కష్టపడి చదివినా మార్కులు రాకపోతే తెలివి లేదని తేలిపోతుంది కదా, అందుకని కష్టపడటమే మానేస్తాడు.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండు ఫారాల్లో అబ్బాయికి ఫౌండేషన్, అమ్మాయికి రెగ్యులర్ అని ఉండటం చూస్తుంటాం. అమ్మాయి మ్యాథ్స్ నోట్సు అబ్బాయి నోట్సు కంటే బాగున్నా సరే. ఫీజు ఇద్దరికీ కట్టడం భారమైతే ఆ మాట మాతో చెప్పండి. కానీ ఎవరికి ఏది కావాలో మాత్రం నోట్సు చూసి నిర్ణయించండి.

ఇంట్లోనే చూసుకోవచ్చు

ఏ గడిలో టిక్కు పెట్టాలో తేల్చుకోవడానికి ప్రత్యేక పరీక్ష అక్కర్లేదు. ఒక ఆదివారం ఉదయం సరిపోతుంది. టీచర్ చెప్పని లెక్క ఒకటి పాఠ్యపుస్తకం వెనక నుంచి తీసి ఇవ్వండి. మీకు ఫిజిక్స్ తెలియాల్సిన అవసరం లేదు. జవాబు వచ్చిందా లేదా అన్నది కాదు, మొదటి పది నిమిషాలు ఏం చేస్తున్నారో గమనించండి. బొమ్మ గీసుకుంటున్నారా? ఏమిచ్చారు, ఏం కావాలి అని పక్కన రాసుకుంటున్నారా? సూత్రం గుర్తురాక పెన్ను పక్కన పెట్టేశారా? ఇరవై నిమిషాలు తేలకపోయినా "ఉండు నాన్నా, ఇంకొంచెం చూస్తా" అన్న పిల్లలు ఫౌండేషన్‌లో నిలబడతారు, ఇవాళ మార్కులు తక్కువున్నా. లెక్క అయిపోయాక "మరి బరువు రెట్టింపు అయితే ఏమవుతుంది?" అని తమంతట తాము అడిగితే ఒలింపియాడ్ గురించి ఆలోచించొచ్చు.

లెక్క అయ్యాక దాన్ని అమ్మమ్మకో తాతయ్యకో చెప్పమనండి. సూత్రం పేరు ఎత్తకుండా చెప్పగలిగారంటే విషయం అర్థమైందనే లెక్క.

రఫ్ నోట్సు కూడా చూడండి. ఫెయిర్ నోట్సు అందరిదీ అందంగానే ఉంటుంది. రఫ్‌లో కొట్టివేతలు, తప్పిన దారులు, మళ్లీ మొదలుపెట్టిన చోట్లు కనిపిస్తే సంతోషించండి. రఫ్ నోట్సు ఖాళీగా, ఫెయిర్ నిండుగా ఉంటే ఆ పిల్లలు బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుంటున్నారు. అలాంటివాళ్లను పై బ్యాచ్‌కు మారిస్తే ఎక్కించుకోవాల్సింది ఎక్కువవుతుందంతే.

నిద్ర లెక్క కూడా వేసుకోండి. ఫౌండేషన్‌కు బడి అయ్యాక అదనపు గంటలుంటాయి, ఇంటి దగ్గర వాటి హోంవర్కు ఉంటుంది. బస్సులో గంటన్నర ప్రయాణం చేసే పిల్లలకూ, రెండు వీధుల అవతల ఉండే పిల్లలకూ ఇది ఒకటి కాదు. దూరం నుంచి వచ్చేవాళ్లు శని, ఆదివారాల ఫౌండేషన్ అడగొచ్చు. అన్ని శాఖల్లో అది ఉండదు కాబట్టి మీ శాఖ ఆఫీసులో కనుక్కోండి.

తర్వాత మార్చుకోవచ్చా

మార్చుకోవచ్చు. దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి బ్యాచ్ మార్చుకునే అవకాశం ఉంది. కిందికీ మారొచ్చు, పైకీ మారొచ్చు. ఫీజు తేడాను మిగిలిన నెలల లెక్కన సర్దుతాం. పైకి మారేవాళ్లకు, అప్పటిదాకా జరిగిన అదనపు పాఠాల వర్క్‌షీట్లు ఇచ్చి, రెండు వారాలు విడిగా కూర్చోబెట్టి చెప్తాం. కిందికి మారేవాళ్లకు బోర్డు పాఠాల్లో ఏదీ తప్పిపోదు, ఎందుకంటే ఆ పీరియడ్లు మొదటి నుంచీ అందరికీ ఒకటే.

మార్పు అడిగేది పిల్లలే అయితే వాళ్ల మాట ముందు వినండి. "బాగా కష్టంగా ఉంది" అని తొమ్మిదో తరగతి అబ్బాయి నోరు విప్పి చెప్పాడంటే, దానికి ముందు చాలా రోజులు లోపల దాచుకునే ఉంటాడు. ఆకలి తగ్గడం, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ముభావంగా మారడం, టెస్టు రోజు పొద్దున కడుపునొప్పి అనడం మీ కంటపడితే సెలవుల దాకా ఆగనక్కర్లేదు. క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి. ఆ సందర్భంలో మార్పు అదే వారంలో జరుగుతుంది.

ఫారం నింపడానికి ముందు మాట్లాడాలనుకునేవాళ్లు పేరెంట్ మీటింగ్ రోజు ఫిజిక్స్ టేబుల్ దగ్గరికి రండి. వచ్చేటప్పుడు ప్రోగ్రెస్ కార్డు తేనక్కర్లేదు, అది మా దగ్గర ఉంటుంది. పిల్లల రఫ్ నోట్సు తీసుకురండి, పిల్లల్నీ వెంటబెట్టుకుని రండి.